ఊపిరి వదలడానికి అనుమతి పత్రం

నాగరిక సమాజంలో ప్రతి కారుకీ ఊపిరి పీల్చుకునే హక్కు ఉంది. వదలడానికి మాత్రం అనుమతి పత్రం కావాలి. ఆ పత్రాన్ని వాహన శ్వాస ధ్రువీకరణ కార్యాలయం వారు ఏడాదికోసారి ఇస్తారు (ఇస్తారని మర్యాదకి అంటున్నాను, నిజానికి కాళ్లరిగేలా తిరిగి మనమే తెచ్చుకుంటాం).

మా అక్కకి ఒక డ్రైవింగ్ స్కూలుంది. స్కూలంటే గోడలూ గంటలూ అనుకునేరు. ఒక కారు, ఎడాపెడా రెండు బ్రేకులు, ఇద్దరు భయస్తులు, అంతే స్కూలు. ఆ కారు నడిస్తేనే అక్క ఇల్లు నడుస్తుంది. శుక్రవారం సాయంత్రం అయిదింటికి కారు పాత పత్రం గడువు ముగుస్తుంది. ఆలోగా కొత్తది రాకపోతే స్కూలు లైసెన్సు దానంతటదే రద్దు. మళ్లీ కావాలంటే మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకుని, జుట్టు నెరిసేదాకా ఎదురుచూడాలి.

సోమవారం పొద్దున పాఠం మధ్యలో కారు ముందు పలక మీద ఇంజను బొమ్మ ఉన్న పసుపు దీపం వెలిగింది. అక్క అక్కడికక్కడ కారు ఆపి, విద్యార్థిని బస్సెక్కించి, నాకు ఫోన్ చేసింది. ఎవరూ లేని సందులో కూడా సిగ్నల్ వేసి తిరిగే మనిషి. ఆ దీపం పెట్టుకుని ఇంకో గజం నడపదని నాకు తెలుసు. తమ్ముణ్ణి కాబట్టి వెళ్లి, కారు నేను నడిపాను.

సర్వీస్ సెంటర్లో టై కట్టుకున్న సలహాదారుడు మమ్మల్ని కూర్చోబెట్టాడు. కారుకి ఒక వైరు తగిలించి, చేతిలో పలకలాంటి దాన్ని చూసి, ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నాడు. అది వేలెడంత వస్తువు. పొగ గొట్టంలో కూర్చుని వాసన చూస్తూ, పెట్రోలు ఎక్కువవుతోందో తక్కువవుతోందో ఇంజనుకి చాడీలు చెబుతుంటుంది. అది మూగబోతే ఇంజను అంచనా మీద పెట్రోలు పోసుకుంటుంది, పొగ నల్లబడుతుంది. ఇదంతా చక్కగా వివరించి సలహాదారుడు ఒక బటన్ నొక్కాడు. దీపం ఆరిపోయింది.

"అయిపోయింది మేడం."

"ఏం మార్చారు?" అంది అక్క.

"ఏమీ మార్చలేదండీ. ఫిర్యాదు చెరిపేశాం. ఇరవై నాలుగ్గంటల్లో ఫిర్యాదు మూసేయాలని మాకు రూలు."

"మరి సెన్సరో?"

"దానికి ఫిర్యాదు ఉండాలి కదండీ. ఇప్పుడు లేదు."

ఇంటికి చేరేలోపు, సర్వీస్ సెంటర్ల లెక్కలన్నీ ధ్రువీకరణ కార్యాలయానికి చేరవేసే 'మన పొగ' యాప్ నుంచి సందేశం వచ్చింది: 'మీ కారులో ఏ లోపమూ లేదని తేలింది. అభినందనలు. మా సేవకు ఎన్ని నక్షత్రాలు?' నాకు ఒళ్లు మండి ఒక్కటి నొక్కాను. మిగతా నాలుగూ వాళ్లే నొక్కుకున్నారు.

మంగళవారం ధ్రువీకరణ కార్యాలయానికి వెళ్లాం. అక్కడ నిర్ణయం చేసేవారిని శ్వాసాధికారి అంటారు. ఆయనకి రెండు కుర్చీలుంటాయి, ఒకటి కూర్చోవడానికి, ఇంకొకటి ఫైళ్లకి (మనకి లేదు). ఆయన కూడా వైరు తగిలించి తల అడ్డంగా ఊపాడు.

"ఈ బండికి జ్ఞాపకాలు లేవమ్మా. ఎవరో తుడిచేశారు."

"దీపం వెలగడం లేదు కదండీ," అన్నాను.

"వెలగకపోవడం వేరు, వెలగనక్కర్లేకపోవడం వేరు. అరవై కిలోమీటర్లు నడపండి. బండి తనని తాను పరీక్షించుకుంటుంది. అప్పుడు రండి."

అక్క ఎందుకైనా మంచిదని డెబ్బై నడపబోయింది. అరవై అయిదో కిలోమీటరు దగ్గర దీపం వెలిగింది. దీపం వెలిగిన బండిని కార్యాలయం గేటు దాటనివ్వరు. ఏం ఉపద్రవమోనని వాచ్‌మన్ ఆమడ దూరం నుంచే చెయ్యి ఊపేస్తాడు. ఈసారీ స్టీరింగు నాదే. మళ్లీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లాం. వాళ్లు మళ్లీ చెరిపేశారు, మళ్లీ అభినందించారు.

బుధవారం నా మాట విని అక్క సైలెన్సర్ బాబాయి షెడ్డుకి వచ్చింది. ఆయన జీవితమంతా పొగ గొట్టాలతోనే గడిపాడు కాబట్టి ఆ పేరు. నోటికి మాత్రం ఎవరూ సైలెన్సర్ బిగించలేదు.

"బటన్ నొక్కితే రోగం తగ్గుద్దా అమ్మా? అలా అయితే నా మోకాలికో బటన్ పెట్టించుకుంటాను," అంటూ కారు కిందికి దూరాడు. ముందు ఫ్యూజు చూశాడు. తర్వాత వైర్లు ఎక్కడైనా తెగాయేమో, గొట్టం ఎక్కడైనా పగిలి గాలి పీలుస్తోందేమో తడిమాడు. అన్నీ బాగున్నాయి. అప్పుడు మీటరు పెట్టి నన్ను పిలిచాడు. ఆరోగ్యంగా ఉన్న సెన్సరైతే ముల్లు ఎగిరెగిరి పడాలట. ఇది గవర్నమెంటు గోడగడియారంలా ఒక్కచోటే నిలబడింది.

"లోపల వేడెక్కే తీగ తెగింది. మారిస్తే సరి."

ఇంజను కాస్త వెచ్చబడనిచ్చి, తుప్పు వదిలే నూనె కొట్టి, పానా వేసి తిప్పాడు. పాతది మసి పట్టి బయటికొచ్చింది. కొత్తది బిగించడానికి పావుగంట. అక్క అరవై నడిపింది, ఎనభై నడిపింది, వంద నడిపింది. దీపం వెలగలేదు. బాబాయి తన తెల్ల తువ్వాలు పొగ గొట్టానికి అడ్డంపెట్టి, తీసి, దాంతోనే మొహం తుడుచుకున్నాడు. మొహానికి మసి అంటలేదు. చాలా రోజుల తర్వాత అక్క నవ్వడం చూశాను, నాకూ కడుపు నిండినట్టయింది.

గురువారం శ్వాసాధికారి వైరు తగిలించాడు. తెర మీద పొగ అంకెలన్నీ పచ్చగా వచ్చాయి. కింద ఒక గడి మాత్రం ఎర్రగా ఉంది.

"సెన్సర్ నంబరు మా రికార్డుతో కలవడం లేదమ్మా."

"పాతది పాడైతే మార్పించానండీ," అంది అక్క.

"పాడైనట్టు రికార్డుందా? ఇదిగో, సోమవారం ఏ లోపమూ లేదు. మంగళవారం ఏ లోపమూ లేదు. నిక్షేపంగా ఉన్న దాన్ని పీకేసి ఎవరిదో పెట్టారన్నమాట. దీన్ని అవయవ మార్పిడి అంటాం. పద్నాలుగో నంబరు ఫారం పెట్టుకుంటే సంఘం కూర్చుని పరిశీలిస్తుంది."

"ఎప్పుడు కూర్చుంటుంది?"

"ఊపిరి నిపుణుడి పోస్టు భర్తీ అయ్యాక."

"పొగ శుభ్రంగా ఉందని మీ తెరే చెబుతోంది కదండీ."

"శుభ్రంగానే ఉంది. ఎవరు కాదన్నారు? కానీ అది మీ కారు పొగ అనడానికి ఆధారం లేదు."

అక్క పదకొండేళ్లుగా వందలమందికి స్టీరింగు నేర్పిన చేతులు బల్ల అంచు మీద పెట్టి వాటినే చూస్తూ నిలబడింది. నాకే ఏడుపొచ్చింది. అధికారి చెడ్డవాడేం కాదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"పాతది పారేశారా?"

"లేదండీ, ఉంది."

"నేనేమీ అడగలేదు," అని ఫైలు మూసేశాడు.

శుక్రవారం పొద్దున్నే బాబాయి మళ్లీ కారు కిందికి దూరాడు. ఆ రోజు ఆయన నోరు మెదపలేదు. మంచిది విప్పి, చచ్చినదాన్ని తుడిచి దాని చోట్లో బిగించి, తన దగ్గరున్న వైరుతో కారు జ్ఞాపకాలు తానే చెరిపేసి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్లిపోయాడు. టీ ఇవ్వలేదు.

అరవై దాటాలి, అరవై అయిదు దాటకూడదు. మా అక్క కార్యాలయం చుట్టూ వీధుల్లో ప్రదక్షిణలు చేసింది, ప్రతి మలుపులోనూ సిగ్నల్ వేస్తూ. నేను పక్కన కూర్చుని కిలోమీటర్లు పైకి చదివాను. అరవై ఒకటి అనగానే గేటులోకి తిప్పింది. వాచ్‌మన్ దీపం లేదని చూసి దారి ఇచ్చాడు. శ్వాసాధికారి వైరు తగిలించాడు. పొగ అంకెలు హద్దుకి ఒక వెంట్రుకవాసి ఇవతల ఆగాయి. నంబరు కలిసింది. గడులన్నీ పచ్చబడ్డాయి.

"ఈ ఏడాది భాగాలేమైనా మార్చారా? ఫారంలో రాయాలి," అన్నాడు, తల ఎత్తకుండా.

"ఇప్పుడు బండిలో ఉన్నవన్నీ పాతవేనండీ," అంది అక్క.

"సంతోషం," అని ముద్ర గుద్దాడు.

పత్రం వెనక చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: 'ధ్రువీకరణ అనంతరం ఏ భాగమైనా మార్చినచో ఈ పత్రం చెల్లదు. ఆకస్మిక తనిఖీలు జరుగును.' కాబట్టి పని చేసే సెన్సర్‌ని అక్క గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది. ఇంటికి వచ్చే దారిలోనే దీపం వెలిగింది. పోలీసు ఆపి, అద్దానికి అంటించిన పత్రం చూసి, సలాం కొట్టి పంపేశాడు. వెనక వస్తున్న స్కూటరతను మా పొగకి దగ్గుతూ పక్కకి తప్పుకున్నాడు.

సోమవారం కొత్తగా చేరిన దర్జీకి అక్క మొదటి పాఠం చెబుతోంది. నేను వెనక సీట్లో ఉన్నాను. దర్జీ నేర్చుకోవాలన్న పట్టుదల ఉన్న మనిషి, ఒళ్లో నోట్‌బుక్ కూడా పెట్టుకున్నాడు.

"మేడం, ఈ పసుపు లైటు ఎందుకు వెలుగుతోంది?"

అక్క అద్దానికి అంటించిన పత్రం అంచుని వేలితో ఒత్తింది.

"అది వెలిగితే బండికి పర్మిషన్ ఉన్నట్టండీ," అంది.

దర్జీ రాసుకున్నాడు. నెల తిరక్కుండా లైసెన్సు రాతపరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. అక్క చెప్పిన జవాబుకి పూర్తి మార్కులు వేశారు.