నటన నేర్పే పెట్టెకు జై

శ్రీరామ్మూర్తి మాస్టారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆ పెట్టెను ఆయన ఇరవై ఏళ్ళు ఆలస్యంగా తయారుచేశారు. నా చిన్నతనంలోనే చేసి ఉంటే నా వయసంతా నాటకాల రిహార్సళ్ళలో తగలబడేది కాదు!

ఏం పెట్టె అంటారా? అట్టపెట్టె. మూత మీద ఒక నవ్వే మొహం, ఒక ఏడ్చే మొహం. లోపల రంగురంగుల కార్డులు, ప్లాస్టిక్ మాస్కులు, రెండు వీసీడీలు, టీచర్లకు ఒక గైడు. పేరు ‘నటనా రిసోర్స్ కిట్’. విశాఖపట్నంలో సగం ప్రైవేటు స్కూళ్ళ బీరువాల్లో ఇప్పుడది ఉంది. అది ఉంటే చాలు, పిల్లలకు నటన నేర్పడానికి నటన వచ్చినవాడు అక్కర్లేదు. స్టేజీ అక్కర్లేదు. ఆ మాటకొస్తే నాటకమూ అక్కర్లేదు.

ఇంత గొప్ప వస్తువు కనిపెట్టిన మనిషిని నేను తిట్టుకుంటున్నానని మా పేటలో పుకారు. నా స్థలం ఆయన పాలైందని కుళ్ళిపోతున్నానట. స్థలం పోయిన మాట నిజమే. మా ఆవిడ తవిటమ్మ చేపల గంప నెత్తిన మోసి, కూడబెట్టి, ఇల్లు కట్టుకుందామని కొన్న స్థలం. కాగితాలు నా పేరున పెట్టింది, అదొక్కటే ఆవిడ చేసిన పొరపాటు. అది ఎలా పోయిందో దాచకుండా చెప్తాను. తప్పెవరిదో మీరే తేల్చండి. కానీ ముందు పెట్టె గొప్పతనం వినాలి. న్యాయం న్యాయమే కదా!

నేను ఆరో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఫిషింగ్ హార్బర్లో ఐసు అమ్ముకుని బతుకుతున్నాను. అయినా భీమిలి రోడ్డులో ఉన్న మా పేటలో అమ్మవారి పండగకు ఏటా పిల్లలచేత నాటకం వేయించింది నేనే. నాకెవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. అదే మా ఖర్మ.

మేం నేర్చుకున్న పద్ధతి తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ముందు తెర లాగాలి. తర్వాత పెట్రోమాక్సు లైటుకు గాలి కొట్టాలి. రాజు వేషగాడికి టీ తేవాలి, మంత్రి వేషగాడికి బీడీ తేవాలి, ఇద్దరూ ఒకే బీడీ కోసం కొట్టుకుంటే మధ్యలో నిలబడాలి. ఇన్నేళ్ళు ఇన్ని చేశాక ఒకరోజు భటుడి వేషం. ఒక్కటే మాట. ఆ మాట చివరి వరసలో వల బాగుచేసుకుంటూ కూర్చున్న చిట్టెమ్మ అనే ముసలావిడకు వినపడాలి. వినపడకపోతే ఆవిడ తల కూడా ఎత్తకుండా, “గొంతు ఇంటికాడ పెట్టొచ్చినావేట్రా” అనేది. అదే మాకు పరీక్ష, అదే మాకు మార్కుల షీటు. ఎంత అనాగరికం!

ఇప్పుడలా కాదు. ఒక్కో భావానికి ఒక్కో కార్డు. ప్రతి కార్డు మీదా శ్రీరామ్మూర్తి మాస్టారి ఫొటోయే. కోపం కార్డులోనూ, దుఃఖం కార్డులోనూ ఆయన మొహం ఒక్కలాగే ఉంటుంది. పిల్లలు తికమక పడరా అంటారేమో! పడరు. దుఃఖానికి నల్ల అంచు, కోపానికి ఎర్ర అంచు వేయించారు. అంచు చూస్తే సరిపోతుంది, మొహం చూడాల్సిన పని లేదు. నటనలో మొహంతో ఇబ్బంది ఇన్నాళ్ళకు తీరింది.

వీసీడీలో సముద్రం హోరు ఉంది, వాన ఉంది, పసిపిల్ల ఏడుపు ఉంది. భీమునిపట్నం వైపు ఒక స్కూలు సరిగ్గా ఒడ్డునే ఉంది. అక్కడ డ్రామా పీరియడ్ వస్తే ముందు కిటికీలన్నీ మూసేస్తారు. ఎందుకు? బయట సముద్రం మరీ గోల చేస్తోందట, వీసీడీలో సముద్రం సరిగ్గా వినపడటం లేదట! తప్పు సముద్రానిదే. దానికి గైడు ఎవరూ ఇవ్వలేదు.

ఉక్కునగరం దగ్గర ఒక స్కూల్లో దేవకుమార్ గారని లెక్కల మాస్టారు ఉన్నారు. ఆదివారం చర్చి నుంచి నేరుగా హార్బర్‌కు వచ్చి చేపలు కొంటారు, నా దగ్గర ఐసు తీసుకుంటారు. చాలా మంచివారు. స్కూలువాళ్ళు పెట్టె కొన్నాక దాన్ని ఎవరో ఒకరు విప్పాలి కదా! ఈయనకు మధ్యాహ్నం ఖాళీ పీరియడ్ ఉంది. ఇంకేం, డ్రామా మాస్టారైపోయారు. జీవితంలో ఒక్క నాటకం చూడలేదని ఆయన మొదట భయపడ్డారట. గైడు చదివాక భయం పోయింది. కంటి తడికి ఇన్ని మార్కులు, ముక్కు ఎగబీల్చడానికి ఇన్ని, భుజాలు కదిపితే ఇన్ని అని విడివిడిగా రాసి ఉంది. లెక్కలకంటే సులువు.

ఒక ఆదివారం ఆయన ఐసు సంచీ పట్టుకుని కదలకుండా నిలబడిపోయారు. ఏమైందని అడిగాను. వాళ్ళ క్లాసులో స్టెఫీ అనే పాపకు వారం కిందట నాయనమ్మ పోయిందట. దుఃఖం పీరియడ్‌లో ఆ పిల్ల ఏడవలేదట, ముక్కు ఎగబీల్చలేదట. కార్డు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుందట.

“సున్నా వేశాను ఎల్లాజీ. గైడులో ఊరికే కూర్చోవడానికి మార్కుల్లేవు” అన్నారాయన.

చూశారా, క్రమశిక్షణ అంటే అది! మా కాలంలో అలా కూర్చున్న పిల్లని చూస్తే చిట్టెమ్మ వల పక్కన పడేసి వచ్చి తల నిమిరేది. దానివల్ల ఎంతమంది పిల్లలు పాడైపోయారో!

ఇక నా సంగతి.

రెండువేల మూడు వేసవిలో శ్రీరామ్మూర్తి మాస్టారు మా పేటకు కారులో వచ్చారు. బెస్తపిల్లలు కూడా తమ కిట్‌తో నటన నేర్చుకుంటున్నారని ఫొటోలు కావాలట. పండగ నాటకం ఈసారి తామే ఉచితంగా నేర్పుతామన్నారు. ఉచితం అనేసరికి పండగ కమిటీ నన్నడగకుండానే ఒప్పేసుకుంది. నాటిక కూడా పెట్టెలోంచే తీశారు. కథ ఏమీ లేదు. ఒక బెస్త పెద్ద తనకున్న స్థలాన్ని పిల్లల బడికి దానం ఇస్తాడు, పిల్లలు చప్పట్లు కొడతారు, అయిపోయింది. పెద్ద వేషానికి నన్ను తీసుకున్నారు.

రిహార్సల్లో నేను నాకు తెలిసినట్టు చేశాను. చెయ్యి చాపి, గొంతు ఎత్తి, “ఈ భూమి మీదే బిడ్డలారా” అన్నాను. మాస్టారు కళ్ళు మూసుకున్నారు, మొహం చేదుగా పెట్టారు. పెట్టెలోంచి తెల్ల అంచు కార్డు ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. ‘పాత్రను మరిచిపో. నీ పేరు చెప్పు. నీకు నిజంగా ఉన్నదే ఇయ్యి’ అని రాసి ఉంది.

“నీకెక్కడైనా స్థలం ఉందా ఎల్లాజీ?”

“తగరపువలస దగ్గర చిన్న ముక్క ఉందండి.”

“దాన్నే ఇచ్చెయ్. హద్దులతో సహా చెప్పు. అప్పుడు చూడు, ఏడుపు దానంతటదే వస్తుంది.”

గురువంటే ఆయన. అబద్ధం చెప్పలేదు.

ఇక్కడ మా పేట పద్ధతి ఒకటి చెప్పాలి. అమ్మవారి పండగలో నాటకం నడుమ చదివింపులు ఉంటాయి. ఎవరేం ఇస్తే అది రాము అనే కుర్రాడు మైకులో చదువుతాడు. అమ్మవారి ఎదుట మైకులో పడిన మాట ఇక తిరగదు. వలలు ఆరబెట్టుకునే జాగా, గుడి ముందు రేకుల షెడ్డు, అన్నీ అలా వచ్చినవే. ఇచ్చేవాడు నాలుగు హద్దులూ చెప్తాడు, ఊరు వింటుంది, అంతే. నాటకాల్లో నేను ఇరవై ఏళ్ళుగా రాజ్యాలు ఇచ్చేస్తూనే ఉన్నాను. ఒక్క రాజ్యానికైనా హద్దులు చెప్పి ఎరగను. అందుకే అవన్నీ నాకు మిగిలాయి.

పండగ రోజు వచ్చింది. నేను స్టేజీ ఎక్కాను. వేషం లేదు, రంగు లేదు, నా సొంత లుంగీయే. కార్డులో ఉన్నట్టే నా పేరు చెప్పాను, మా అయ్య పేరు చెప్పాను, తగరపువలస స్థలం అన్నాను, ఒక్కో హద్దూ చెప్పాను. మూడో హద్దు దగ్గర ఆగాను. తవిటమ్మ గంప దించి మెడ పట్టుకుని కూర్చునే వేళ కళ్ళ ముందు కనిపించింది. ఏడుపొచ్చింది. నటనలో ఎప్పుడూ అంత బాగా రాలేదు. “ఇది పిల్లలకి, మాస్టారి చేతుల మీదుగా” అని వాక్యం పూర్తి చేశాను.

చివరి వరసలో చిట్టెమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత రాము మైకు అందుకున్నాడు. నా పేరు, నా స్థలం, నా హద్దులు మళ్ళీ మొదట్నుంచి చదివాడు. తారాజువ్వలు పేలాయి. పేట పెద్ద సూరన్న స్టేజీ ఎక్కి నా తలకు పాగా చుట్టాడు. నాటికలో ఈ ముక్క లేదే అనుకున్నాను. అయినా పెట్టె నాటికలు కొత్త రకం కదా, ఉంటుందేమో అని దణ్ణం పెట్టి నిలబడ్డాను.

ముందు వరసలో తవిటమ్మ లేచి వెళ్ళిపోవడం మాత్రం కనపడింది.

మర్నాడు పొద్దున్న ఆవిడ గంప ఎత్తలేదు. గుమ్మంలో కూర్చుంది.

“నన్నో మాట అడగాలనిపించనేదా మావా?”

అది డ్రామా అన్నాను. కార్డులో అలా రాసి ఉందన్నాను. చదివి కూడా వినిపించాను.

“డ్రామా అయితే అద్దులెందుకు సెప్పినావు?”

దీనికి గైడులో జవాబు లేదు. సూరన్న దగ్గరకు పరిగెత్తాను. బావా, అది వేషం, నిజం కాదు, పాగా తీసుకోండి, అన్నాను. సూరన్న చుట్ట ఆర్పాడు.

“బావా, నీ నాటకాలు నాను ఇరవై ఏళ్ళుగా సూత్తన్నాను. నువ్వెప్పుడూ అంత బాగా సెయ్యనేదు. నిన్న సేసింది నాటకం కాదు.”

చూశారా, పెట్టెకు ఇంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి? నటన ఎంత సహజంగా వచ్చిందంటే అది నటన అని ఒక్క మనిషి నమ్మలేదు! ఏ గురువు, ఏ నాటక సమాజం ఇంత చెయ్యగలదు?

నేను బతిమాలాను. సూరన్న చెడ్డవాడు కాదు. వెనక్కి తీసుకుంటానంటే ఎవరూ చెయ్యి పట్టుకోరన్నాడు. “గాని రేపు వలలో సేప పడకపోతే పేట ఎవుడి మొకం సూత్తాది?” అని మాత్రం అడిగాడు. వేసవి దాటాక వేట ఎలా ఉంటుందో ఎవరు చెప్పగలరు? చేప పడకపోతే ఆ పాపం నాది. నా ఐసు ఎవడూ కొనడు. తవిటమ్మ గంప వైపు ఎవడూ చూడడు.

మాస్టారికి ఫోను చేశాను. ఆయన విని చాలా బాధపడ్డారు. ప్రజల తీర్పును కాదనడానికి తానెవరన్నారు. స్థలం తన పేరున రాయించుకునే రిజిస్ట్రేషన్ ఖర్చులు నా మీద పడకుండా తానే పెట్టుకున్నారు. అంత ఉదారుణ్ణి మీరెక్కడైనా చూశారా?

ఇప్పుడా స్థలంలో ‘బాలల నటనా వనరుల కేంద్రం’ అని బోర్డు ఉంది. గోడలు లేచాయి, షట్టర్ ఉంది. లోపల పెట్టెలు. నేల నుంచి కప్పు దాకా పెట్టెలు. ఒకసారి మా పేట పిల్లల్ని తీసుకెళ్ళాను. కాసేపు రిహార్సల్ చేసుకుంటామని అడిగాను. వాచ్‌మన్ మర్యాదస్తుడు. పిల్లలు లోపలికొస్తే సరుకు పాడవుతుందన్నాడు. నిజమే కదా! నటన నేర్పే సరుకు పిల్లల చెయ్యి తగిలి పాడైతే పిల్లలకు నటన ఎలా నేర్పుతారు?

మా పండగలో నాటకం కూడా ఆగిపోయింది. కమిటీ ఇప్పుడు టీవీ అద్దెకు తెచ్చి వీసీడీ వేస్తోంది. పిల్లలు రిమోట్ కోసం కొట్టుకుంటారు. చిట్టెమ్మ రావడం మానేసింది. వినపడకపోతే ఎవర్ని తిట్టాలో తెలియడం లేదంది.

తవిటమ్మా నేనూ అదే అద్దె గదిలో ఉన్నాం. ఆవిడ నాతో మాట్లాడుతుంది. అన్నం పెట్టేటప్పుడు, తలుపు వేసేటప్పుడు.

మొన్న దేవకుమార్ గారు కిట్ కొత్త ఎడిషన్ తెచ్చి చూపించారు. ‘త్యాగం’ అని కొత్త కార్డు వేశారు. దాని మీద మాస్టారి ఫొటో కాదు, నాది! స్టేజీ మీద తీసింది కూడా కాదు. రిజిస్ట్రార్ ఆఫీసు వరండాలో, వేలిముద్రల సిరా గుడ్డకు తుడుచుకుంటుంటే ఎవరు తీశారో నాకు తెలియదు. అంచు బంగారు రంగు. పిల్లలందరూ ఆ మొహాన్ని చూసి ప్రాక్టీసు చేస్తున్నారట, కానీ ఎవరికీ సరిగ్గా రావడం లేదట. భుజాలు వస్తున్నాయి, కళ్ళు వస్తున్నాయి, మొహం మాత్రం రావడం లేదట. ఏం చెయ్యాలి ఎల్లాజీ అని అడిగారు.

టీచర్లూ, తల్లిదండ్రులూ! ఆ మొహం రావడానికి కావలసిన సామగ్రి గైడులో రాయడం మరిచిపోయారు. నేను చెప్తాను, రాసుకోండి. తగరపువలస దగ్గర, తూర్పున కాలవ గట్టు, పడమర డొంక దారి, ఉత్తరాన జీడితోట, దక్షిణాన కంకర రోడ్డు. మొత్తం నాలుగు సెంట్ల పన్నెండు గజాలు.