పోస్టరు కోసం చేతులు

మా వూరి సర్పంచ్ పదవి ఆడవాళ్లకు రిజర్వయిన రోజు మా ఆయన శుభాకర్ నన్ను నిదానంగా చూశాడు. పెళ్లిచూపుల్లో కూడా అంతసేపు చూడలేదు. తొమ్మిదో తరగతిలో చదువు ఆగిపోయి, చంకలో రెండేళ్ల పిల్లతో నిలబడిన నన్ను చూసి, "క్యాండిడేటు దొరికింది" అన్నాడు.

పులివెందులలో ఫోటో తీయించి పోస్టరు వేయించాడు. అందులో నేను దండం పెడుతున్నాను. దాన్ని గోడకు ఆనించి, దూరం నుంచి ఒకసారి, దగ్గర నుంచి ఒకసారి చూసి నిట్టూర్చాడు.

"మొగమేమో ఇరవై ఆరు. చేతులేమో మా అమ్మవి."

"మీ అమ్మ మానేసిన పనులన్నీ చేస్తాండేది ఇవే గదా."

"ఆ నరాలు చూడు. లింగాల చీనీతోటలో డ్రిప్పు పైపులు పరిచినట్లుండాయి."

ప్రొద్దుటూరులో ఒక చర్మం డాక్టరమ్మ ఫిల్లర్ అని సూదులు వేస్తుందట. చేతి వెనక చర్మం కింద జెల్లు నింపితే నరాలు మునిగిపోతాయట.

"మళ్లా పాపను ఎత్తుకోవచ్చునా?"

"గెలిచినాక ఎత్తుకుందువులే."

సూదులు పడ్డాయి. బయటికి వచ్చేసరికి చేతులు పాలలో నానిన బన్నుల్లా ఉబ్బాయి. వాపు నాలుగు రోజుల్లో తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పినా మా ఆయనకు భయం పట్టుకుంది. మందులషాపులో గుడ్డ కొని, రెండు చేతులకూ మణికట్టు దాకా కట్టు కట్టేశాడు.

"ఎవురన్నా అడిగితే ఏం చెప్పాల?"

"ఏమీ చెప్పాకు. నోరు మూసుకో."

ఎన్నికల ముందు, మా కడప జిల్లాలో, ఒక క్యాండిడేటు రెండు చేతులకూ కట్లతో నోరు మూసుకుని వస్తే దానికి ఒకటే అర్థం. అది మా ఆయనకు తట్టలేదు.

వేంపల్లెలో షేర్ ఆటో ఎక్కాం. లోపల మా వీధి అఖ్తర్ బీ ఉంది.

"యా అల్లా. ఎవురమ్మా ఈ పని చేసింది?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన కిటికీ వైపు చూశాడు. ఆటోకు కిటికీ లేదు. అఖ్తర్ బీ ఫోను తీసింది.

మేం వూరు చేరేసరికి మా పార్టీవి మూడు సుమోలు, అవతలి పార్టీవి నాలుగు, ఎదురెదురుగా ఇంజన్లు ఆపకుండా నిలబడి ఉన్నాయి. నడుమ మా అరుగు మీద నా బిడ్డ బొరుగులు తింటోంది.

మా చిన్నాయన దేవపాలు కట్టె పట్టుకుని వచ్చాడు. "ఒక్క పేరు చెప్పు తల్లీ. మిగతాది మేం చూసుకుంటాం."

మా ఆయన నా చెవిలో గొణిగాడు. "నిజం చెప్తే నా మర్యాద పోతాది. గేటు పడిందని చెప్పు."

"రెండు చేతుల మీదనా? గేటుకు దండం పెడతాంటే పడిందా?"

బిడ్డ నడుమ ఉండగానే గుంపులోంచి ఎవరో రాయి తీసుకుని అడుగు ముందుకు వేశారు. నేను పళ్లతో ముడి లాగి కట్లు విప్పేశాను.

"ఎవురూ కొట్టలేదు చిన్నాయనా. పోస్టరులో చేతులు బాగలేవని ఈయనే సూదులేయించినాడు."

ఇంజన్లు ఒక్కొక్కటే ఆగాయి. చిన్నాయన కట్టెను నేలకు ఆనించి, మోకాళ్ల నొప్పులున్నవాడిలా దాని మీద వాలాడు.

అవతలి గుంపులోంచి వాళ్ల క్యాండిడేటు ఈశ్వరమ్మ వచ్చింది. నా చేయి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"నున్నగుండాయే. ఆ డాక్టరమ్మ యాడుంటాది?"

"మనం వేరే పార్టీ" అన్నాడు వెనక నుంచి ఆమె మొగుడు.

"ఇరవై ఏండ్లు మీ మందికి సంగటి కెలికినా. ఈ చేతుల పక్క ఒక్కనాడన్నా చూసినావా? పెండ్లాం చేతులు చూసినోడు వూరంతా కలిపి ఆ శుభాకర్ ఒక్కడే."

రెండు గుంపుల ఆడవాళ్లూ తమ చేతులు చూసుకున్నారు. తర్వాత మొగుళ్లను చూశారు.

మరునాడు పొద్దున్నే ఏడు సుమోలూ ప్రొద్దుటూరు దారి పట్టాయి. లోపల అందరూ ఆడవాళ్లే. రెండు పార్టీల మగవాళ్లు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒకటై, ఒకే మనిషిని వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చారు.

మా ఆయన వంటింట్లో బియ్యం డ్రమ్ము వెనక, ఒళ్లో బిడ్డతో కూర్చుని ఉన్నాడు.

"నేను లేనని చెప్పు సంతోషమ్మా."

"జమ్మలమడుగు పోయినాడని చెప్పినా. పోలింగు దాకా రాడని చెప్పినా. అందాక బయటికి తొంగి చూడాకు." పొయ్యి వైపు చూపించాను. "ఊరికే కూచుంటే పొద్దు పోదు. ఆ గిన్నెలు తోము. సప్పుడు కాకుండా."