వీరప్ప స్నానగృహ దీపతోరణ విజయము

వినుడు, వినుచునే మీ ఇంటి ఫ్యూజు ఎక్కడున్నదో ఒకపరి చూచుకొనుడు.

అది పందొమ్మిదివందల తొంబదియొకటవ సంవత్సరపు వేసవి. బస్సులు లేపిన ధూళి జనుల శిరములపై పన్నీరువలె కురియు నారాయణఖేడ పట్టణమున, కందిచేలకధిపతి, నూతన స్లాబుగృహ నిర్మాత, మీసముల విషయమున మాత్రమే అజేయుడైన వీరప్ప యను మహారథి కలడు. బీదరులో ఒక లాడ్జి స్నానగదిలోని రంగుదీపములను పొగడి పొగడి చంపిన బామ్మర్ది జగన్నాథుని ఎదుట, పెండ్లి పంక్తిలో, ఆయన ఘోరప్రతిజ్ఞ పూనెను.

"ఐతారం నువ్వొచ్చేటాళ్లకు నా ఇంట్ల షవర్ మీద గసుంటి లైట్లే ఎలగాలె. లేకుంటే మీసం తీసేస్త."

ఆ ఆదివారము రానే వచ్చెను. ఆయుధమన్ననో, నిరుటి వినాయక మండపమున మిగిలిన, అడుగడుగున అతుకులు గల సీరియల్‌లైట్ల దండ. దానిని జలధారలు చిమ్ము షవరుగొట్టమునకే చుట్టవలెనని మన ధీమంతుని సంకల్పము.

"నీళ్ల కాడ కరెంటేందయ్యా? ఫ్యూజన్న తియ్యి," అనెను ధర్మపత్ని భీమమ్మ.

ఫ్యూజు తీయుటయా? ఖేడులో అది పిరికివారి పని. మధ్యాహ్నపు కరెంటుకోతను నమ్మియే ఆ ఊర ఎల్లరును వైరుపని కానిచ్చెదరు.

"పగటీలి పోయిన కరెంటు మూడింటి దాంక మొకం జూపిస్తదా? కోతంటే కోతనే," అని ఇస్టూలెక్కి వీరప్ప గర్జించెను.

"ఇగ నీ ఇష్టం," అని భీమమ్మ వెడలిపోయెను.

అంతట ఆ మహావీరుడు, దంతాయుధముతో వైరుతొడుగును పెరికి, నగ్నతామ్రతంతువులను బొటనవ్రేలితో మెలిపెట్టుచుండగా, ఎదురింటి మొగులప్ప పిండిగిర్ని డుబడుబమని మ్రోగెను. కరెంటు వచ్చినది. వేళ కాని వేళ ఏల వచ్చినదని అడుగగల మగవాడు ఖేడున ఇంకను పుట్టలేదు. వీరప్ప కన్నులు మూసెను, ఇస్టూలు జారెను, బకెట్టులో కూలబడెను.

కొంతసేపటికి లోననుండి సన్నని స్వరము వినవచ్చెను. "నేనున్ననా?"

"ఉన్నవ్. లే," అని భీమమ్మ కొంగుముడి విప్పి, అందు దాచిన తెల్లని పింగాణీ ఫ్యూజును చూపెను. "నీకేమన్నయితే నేనెట్ల బతకాలె? గా లైట్లు జూస్కుంట బతకాల్నా? నీళ్లు, కరెంటు ఒక్కకాడ ఉండొద్దు. బయట, కప్పు అద్దం మీద కట్టు."

కందిచేలకధిపతి స్లాబెక్కి, వెలుతురుకై కప్పున బిగించిన మందపుటద్దముపై, చుక్కనీరు సోకని చోట దండను కట్టెను. ఆయన క్రిందికి దిగువరకు ఫ్యూజు కొంగుననే యుండెను. అప్పటికి పొద్దుగూకెను.

బస్సు దిగి వచ్చిన జగన్నాథుడు తువ్వాల చుట్టుకొని నేరుగా స్నానగది చొచ్చెను. ఎరుపు, పచ్చ, నీలి కాంతులు ఆతని బట్టతలపై నాట్యమాడెను. ఆతడు ఒళ్లంతయు సబ్బు రుద్దుకొని నల్లా తిప్పెను. గొట్టము గురక పెట్టి ఊరకుండెను.

"బావా, లైట్లు మంచిగనే ఉన్నయ్. నీళ్లేవి?"

అప్పుడుగదా అందరికిని స్ఫురించినది. పగలు కరెంటున్నంతసేపు ఫ్యూజు కొంగునుండెను. మోటారు తిరుగలేదు, టాంకీలో చుక్క లేదు; పొద్దుగూకిన పిదప సన్నబడు కరెంటుకు దీపములు వెలుగునే కాని మోటారు కదలదు.

వీరప్ప మీసము మెలివేసి, తలుపువద్ద నిలిచి, గంభీరముగా పలికెను.

"నీళ్లు, కరెంటు ఒక్కకాడ ఉండొద్దని మీ అక్కనే జెప్పింది."

ఇట్లు మీసము దక్కెను, ప్రాణము దక్కెను. సబ్బు మాత్రము జగన్నాథుని ఒంటిపైననే ఎండెను.