చౌడప్ప రాయి

ఆ గురువారం అయ్యన్న అనుకున్న పని చిన్నదే. అయిదు నాపరాళ్లను గడ్డిలో పొదిగి, మధ్యాహ్నానికల్లా బండి కదిలించాలి. అలాగైతేనే మరునాటి మద్రాసు రైలుకు కడప స్టేషను చేరతాడు. మద్రాసులో శిల్పం నేర్చుకుని ఊరికి వచ్చిన తొమ్మిదేళ్లకు, అక్కడి ప్రదర్శన వాళ్లు మొదటిసారి అతని పనిని అడిగారు. నేతపని మీద అయిదు ఉబ్బెత్తు బొమ్మలు. అయిదూ వస్తేనే గోడ ఇస్తామని, ఒక్కటి తగ్గినా వద్దని ఉత్తరం రాశారు.

నాలుగింటిలో దారం పట్టిన చేతులే ఉన్నాయి. అయిదోదానిలో మాత్రం ముఖముంది. అది మగ్గం గుంటలో కూర్చున్న ఊరి నేతగాడు చౌడప్పది. "పంపేముందు ఒకతూరి నాకు సూపియ్యప్పా" అని ముసలాయన అడిగి ఉన్నాడు. అందుకని అయ్యన్న ఆ రాతిని అతని ఇంటికి తెచ్చాడు. తలుపు మూసి ఉంది. చౌడప్ప తెల్లవారుజామునే చీరల మూటతో బద్వేలు సంతకు వెళ్లాడట. వచ్చేదాకా ఇక్కడే ఉండనీ అనుకుని రాతిని కడిగి, గోడకు ఆనించి, అయ్యన్న మరికాస్త గడ్డి కోసం వెళ్లాడు.

ఆ సీమలో మనిషి ముఖం రాతికెక్కేది చచ్చాకే. అయ్యన్నకు తెలియనిది కాదు. మద్రాసు చదువులో మరిచిపోయాడు, అంతే.

గడ్డిమోపుతో తిరిగి వచ్చేసరికి ఇంటిముందు ఏడుపులు. పక్కింటి గిడ్డమ్మ నీళ్ల బిందె పక్కన పెట్టి మరీ ఏడుస్తోంది.

"ఏమైందమ్మా?"

"చౌడప్ప పాయె. రాయి గూడా వచ్చేసె, సూడు."

"ఆ రాయి నేను చెక్కిందే."

"అంటే నీకు ముందే తెలుసు. మాకు ఒక్క మాట చెప్పకపోతివే."

"ఆయన బతికే ఉండాడమ్మా. సంతలో చీరలు అమ్ముకుంటాండాడు."

"మనసు ఒప్పుకోదులే నాయనా. నాకూ అట్లే ఉండాది" అంటూ గిడ్డమ్మ అతని వీపు నిమిరింది.

కబురు పైవీధిలో ఉన్న చౌడప్ప తమ్ముడు ఆదెన్నకు చేరింది. తండ్రి మగ్గం గురించి గొడవపడి అన్నదమ్ములకు మాటలు లేక పదకొండేళ్లు. ఆదెన్న తన మగ్గం మీది కొత్త గుడ్డ కోసుకుని పరుగున వచ్చాడు. రాతికి కప్పాడు. ముఖం మీద కొంచెం తొలగించి, కళ్ల గాట్లలో మిగిలిన రాతిపొడిని పైగుడ్డ కొసతో మెల్లగా తుడిచాడు.

"అన్నా, నాయన మగ్గం నీదే. అబద్ధం చెప్పి తీసుకుంటిని" అని బోరుమన్నాడు.

అయ్యన్న నిజం చెప్పబోయి ఆగాడు. తొమ్మిదేళ్లలో తను చెక్కిన రాయి ముందు ఎవరూ ఇంతసేపు నిలబడలేదు. కాసేపు చూసుకుందామనుకున్నాడు. ఆ కాసేపే కొంప ముంచింది.

జనం వెనక నుంచి ఒక గొంతు వినబడింది. "ఎవురప్పా సచ్చిపోయింది?"

"నువ్వేనప్పా" అన్నాడు ఊరిపెద్ద బసవన్న, తిరిగి చూడకుండానే. తర్వాత తిరిగి చూశాడు.

చౌడప్ప ఖాళీ మూటగుడ్డ భుజాన వేసుకుని ముందుకు వచ్చాడు. రాతిని చూశాడు. తమ్ముణ్ణి చూశాడు.

"ఆదిగా, ఆ మగ్గం మాట ఇంగోతూరి చెప్పు."

ఆదెన్న కళ్లు తుడుచుకున్నాడు. సిగ్గు కోపంగా మారడానికి ఎక్కువసేపు పట్టలేదు. "అది సచ్చినోనికి చెప్పిన మాట. బతికినోనికి కాదు" అని వెళ్లిపోయాడు.

మిగిలింది అయ్యన్న పని. "ఇంగ పోతా, బండికెత్తండి" అన్నాడు.

బసవన్న అడ్డం వచ్చాడు. "గుడ్డ కప్పి ఏడ్చినాంక రాయి ఊరు దాటగూడదు. దాటితే ఆ సావు ఇంగొకరి వాకిలి ఎతుక్కుంటాది."

"మద్రాసోళ్లకు అయిదూ కావాలప్పా."

"నాలుగుండాయి కదా. వాళ్లు మాత్రం ఎన్నని సూస్తారు?"

పొద్దు వాలేలోగా రాతిని ఊరి శ్మశానంలో పాతారు. బండి వెనక్కి తిరిగింది. నాలుగు రాళ్లూ అయ్యన్న పెరట్లో గడ్డివాముకు ఆనుకుని నిలబడ్డాయి. మద్రాసు నుంచి ఇంకో ఉత్తరం రాలేదు.

చౌడప్ప మాత్రం రోజూ ఉదయం వెళ్లి తన రాయి ముందు కూర్చుని వచ్చేవాడు. "శానా బాగా చేసినావు. నేను ఇంత నెమ్మదిగా ఎన్నడుంటి?" అనేవాడు. అయ్యన్న పనికి దొరికిన మెచ్చుకోలు అదొక్కటే.

మూడేళ్లకు చౌడప్ప నిజంగానే పోయాడు. రాయి సిద్ధంగానే ఉంది. ఆదెన్న వచ్చి, మట్టి వేసి, పొడి కళ్లతో నిలబడ్డాడు. అయ్యన్న అతని ముఖంలోకే చూస్తున్నాడు.

"ఏం సూస్తాండావప్పా? నా ఏడుపు ఆ పొద్దే అయిపాయె కదా" అని ఆదెన్న చేతులు దులుపుకున్నాడు. ఇంటి దగ్గర తండ్రి మగ్గం ఖాళీగా ఉందట, తొందరగా వెళ్లిపోయాడు.