దొన దగ్గర డ్యూకుగారు

ఒక పెద్ద అడవిలో ఆ ఏడు ఎండలు మాడ్చేశాయి. వాగు ఎండింది, వాగులో తవ్వుకున్న చెలమలూ ఎండాయి. చివరికి కొండ అడుగున రాళ్ళ మధ్య ఒక్క దొన మిగిలింది. దొన అంటే ఏమంత పెద్దది కాదు, రాతి గుంటలో ఊరే నీళ్ళు. పొద్దున్నే తేటగా ఉంటాయి. పది గొంతులు తడిశాయంటే ఇక బురదే.

అందుకే ఆ అడవికి తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. వేసవిలో పిల్లల తల్లులు ముందు తాగాలి. తర్వాత ముసలీ ముతకా. కండ ఉన్నవాళ్ళు ఆఖర్న. పులిరాజుగారంతటివారు కూడా కూనల తల్లి కనబడితే పక్కకి తప్పుకునేవారు. ఇష్టమై కాదు లెండి, కట్టుబాటు కనుక.

ఏదుపంది కంపమ్మకి ఆ వేసవిలోనే కవలలు పుట్టారు. పెద్దవాడు గట్టి పిండం. చిన్నది నలుసంత. తల్లికి తేట నీళ్ళు పడితేనే పాలు, పాలు పడితేనే ఆ నలుసు బతికేది. కంపమ్మ రోజూ తెల్లారకముందే దొన దగ్గరికొచ్చి కడుపు నిండా తాగి పోయేది. అసలే ఆమెకి ముక్కు మీద కోపం. తన వంతులో ఎవరైనా అడ్డొస్తే వీపు మీది ముళ్ళు గలగలమనిపించేది. ఎవరూ అడ్డొచ్చేవాళ్ళు కాదు.

అలా ఉండగా పునుగుపిల్లి పరిమళంగారు అడవిలో కాపురం పెట్టారు. అంతకుముందు ఏడేళ్ళు ఆయన మకాం అడవి అంచున ఉన్న పాత బంగళా అటకమీద. దొరల కాలం నాటి ఇంగ్లీషు పుస్తకాల మీదే పడకట. కప్పు కూలాక ఇటు వచ్చారు. ఆ పుస్తకాలు తన ఒంటికి పట్టాయని చెప్పుకునేవారు. మామూలుగా ఇలాంటి గొప్పలన్నీ కోతలే అయుంటాయి. ఈయన మాత్రం నిజంగానే కొన్ని పేజీలు చదివారు. అదే కొంప ముంచింది.

పరిమళంగారు ముందు అడవిదున్న బండయ్య దగ్గరికెళ్ళారు. ఇంత ఒడ్డూ పొడుగూ ఉండి, పొద్దున్నే ఒక ఏదుపంది వెనక నిలబడడం ఏం బాగుంది బాబూ అన్నారు. బండయ్య ఆ మాట కోసమే పుట్టినట్టు నిట్టూర్చాడు. దొరల సీమలో ఇలా ఉండదని, అక్కడ ఎవరు ముందో ఎవరు వెనకో బిరుదు చెబుతుందని, అన్నిట్లోకీ పైది డ్యూకనీ ఆయన చెవిలో ఊదారు.

మర్నాటికి బండయ్య డ్యూకుగారయ్యాడు. నెమలి సింగారం మార్క్విస్ అయ్యాడు. ఎలుగుబంటి గొంగళప్ప ఎర్ల్. వైకౌంట్ బిరుదు పరిమళంగారే ఉంచుకున్నారు. నాలుగో స్థానం, పెద్దల కంట్లో పడకుండా, పేదల వెనక పడకుండా హాయిగా ఉంటుందని ఆయన లెక్క. ఆఖరిది బారన్, అది అడవిపంది కోరప్పకి దక్కింది. ఒక్కొక్కరూ పరిమళంగారికి తేనెపట్టో, తునికిపళ్ళో, ఇప్పపూలో సమర్పించుకున్నారు. పులిరాజుగారికి పళ్ళు ఊడిపోయాయి, చెవులు సగమే పనిచేస్తాయి. ఎవరేం చెప్పినా కానివ్వండి అంటారు. ఇదీ కానివ్వండన్నారు.

ఆ అడవిలో చాటింపు వడ్రంగిపిట్టది. ఎండిన మద్దిమాను మీద ముమ్మారు కొట్టి చెప్పిందంటే అది శాసనం. రాజుగారు కూడా వెనక్కి తీసుకోలేరు. మానుకి పడ్డ తొర్ర పూడుతుందా మరి.

వడ్రంగిపిట్ట ఆ రోజంతా కొడుతూనే ఉంది. డ్యూకుగారిని 'తమ కృప' అని పిలవాలి, సీమలో 'యువర్ గ్రేస్' అంటారట. మిగతా నలుగురినీ 'లార్డ్' అనాలి. నీళ్ళకి ఈ అయిదుగురూ వరసలో ముందు. పై బిరుదువాడు కదిలేదాకా కింది బిరుదువాడు కదలరాదు, వెనుదిరగరాదు. బిరుదు చచ్చేదాకా ఉంటుంది, చచ్చాక పెద్దకొడుక్కి పోతుంది, వద్దన్నా వదలదు. ఈ ఆఖరిది పరిమళంగారు కావాలనే పెట్టించారు. రేపెవరైనా మనసు మార్చుకుని తేనెపట్టు వెనక్కిమ్మంటే?

ఇక ఆ సంబరం చూడాలి. బండయ్య పెళ్ళాం డచెస్ అయిపోయి, పేరు పెట్టి పిలిస్తే పలకడం మానేసింది. డ్యూకు పెద్దకొడుకు తండ్రి బతికుండగా మార్క్విస్ అనిపించుకోవచ్చని పరిమళంగారు చెబితే, ముక్కుతాడు వయసు కూడా రాని దూడ ఆ పేరుతో తిరగడం మొదలెట్టింది. అసలు మార్క్విస్ నెమలి సింగారం ఇది విని రెండు రోజులు పింఛం విప్పలేదు. పేరు గొప్ప ఊరు దిబ్బ అని ఉడతలు నవ్వుకున్నాయి. నవ్వుకుంటూనే 'తమ కృప' అని దండాలు పెట్టాయి.

కంపమ్మకి మాత్రం నవ్వు రాలేదు. మొదటిరోజు దొన దగ్గర డ్యూకుగారు నాలుగు కాళ్ళూ నీళ్ళలో పెట్టి తాగారు. తర్వాత బారన్‌గారు పొర్లారు కూడా. ఆమె వంతు వచ్చేసరికి అడుగున అరచేతి మందం బురద మిగిలింది. అదే నాకి ఇంటికెళ్ళింది. మూడోనాటికి పాలు తగ్గాయి. అయిదోనాటికి చిన్నది ఏడవడం కూడా మానేసి, తల్లి కడుపుకి ముక్కు ఆనించి అలా పడుకుని ఉండిపోయింది. కంపమ్మ దాన్ని చూసి చూసి, కళ్ళు తుడుచుకుని లేచింది.

నేరుగా పరిమళంగారి దగ్గరికెళ్ళి, రోజుకి నాలుగు గుక్కల తేట నీళ్ళు ముందుగా ఇప్పించమని అడిగింది. ఆమె జన్మలో అంత మెత్తగా ఎవరినీ అడగలేదు. ఆయన మీసం సవరించుకుని, బిరుదు లేనివాళ్ళని సీమలో కామనర్లంటారని, వాళ్ళు ఆఖర్నే తాగుతారని, ఇందులో తన చేతిలో ఏమీ లేదనీ ఎంతో మర్యాదగా చెప్పారు.

ఏదుపందికి ఒళ్ళు మండింది. ముళ్ళు లేచాయి. కానీ ముళ్ళతో పొడిస్తే ఒక్క పిల్లి పోతుంది, చాటింపు పోదు కదా. ముళ్ళు దింపుకుని ఇంటికి పోయి రాత్రంతా ఆలోచించింది.

మర్నాడు రాజుగారి కొలువు. అందరూ ఉన్నారు. కంపమ్మ ముందుకొచ్చి వంగి దండం పెట్టింది. అది చూసి సగం కొలువు బిత్తరపోయింది.

"వైకౌంట్‌గారూ, రోజుకి పదిసార్లు ఈ పేర్లు పిలుస్తున్నాం. అర్థం తెలియకుండా పిలిస్తే చిలకపలుకు. తెలిసి పిలిస్తే భక్తి. మాబోటి మొద్దులకి కాస్త విడమరిచి చెబుతారా?"

చదువుకున్నవాడిని అర్థం అడగడం, గజ్జి ఉన్నవాడి వీపు గోకడం ఒకటే. పరిమళంగారికి ప్రాణం లేచొచ్చింది. గొంతు సవరించుకుని బండరాయెక్కారు. డ్యూకంటే ఆదిలో సేనాపతి, అంటే యుద్ధంలో అందరికంటే ముందు నడిచేవాడు. మార్క్విస్ అంటే రాజ్యం పొలిమేర కాచేవాడు. ఎర్ల్ అంటే తెగించి పోరాడే వీరుడు. ఆ ఎర్ల్‌నే పక్క దేశాల్లో కౌంట్ అంటారు, ఆ కౌంట్‌కి బదులుగా ఆయన పని చేసిపెట్టేవాడే వైకౌంట్. ఒక్కో అర్థానికీ కొలువంతా ఆహా ఓహో అంది. డ్యూకుగారు మూపురం ఎగరేశారు. నెమలి పింఛం విప్పింది.

"మరి నాదో?" అన్నాడు కోరప్ప ముందుకు తోసుకొస్తూ.

పరిమళంగారు ఊపులో ఉన్నారు, ఆగలేకపోయారు. బారన్ అంటే మొదట్లో వట్టి మనిషి అనే అర్థం అనేశారు.

కొలువు చల్లబడిపోయింది. ఆ అడవిలో ఎంత తిట్టుకున్నా ఆ తిట్టు మాత్రం ఎవరూ ఎవరినీ తిట్టరు. కోరప్ప మొహం జేవురించింది. "నా తల్లి పందండీ, నా తండ్రి పందండీ! నన్ను మనిషంటారా?" అని కోరలు నేలకేసి రాశాడు. ఇప్పుడే ఈ బిరుదు వదిలేస్తానన్నాడు. వదలదని చాటింపు ఉందని వడ్రంగిపిట్ట గుర్తుచేసింది. పోనీ అని సర్దుకుంటే, నీ తర్వాత నీ కొడుకూ మనిషే అని ఎవరో వెనకనుంచి అన్నారు. కోరప్ప ఆ రోజు అన్నం ముట్టలేదు.

కంపమ్మ ఆ గొడవలోకి పోలేదు. ఇంత గొప్ప అర్థాలు అందరికీ తెలియాలి కదా రాజా, చాటింపు వేయిస్తే బాగుంటుందని మనవి చేసింది. రాజుగారు కానివ్వండన్నారు. డ్యూకుగారు ఇంకా మురిసిపోతూ, గట్టిగా కొట్టవే పిట్టా అన్నారు కూడా. అయిదు పేర్లూ అయిదు అర్థాలూ మద్దిమానుకెక్కాయి.

మర్నాడు తెల్లవారుజామున కాకి ఎగురుకుంటూ వచ్చింది. ఎండిన వాగు వెంట రేసుకుక్కలు, అంటే వేటాడే అడవికుక్కలు, మందగా వస్తున్నాయట, ఇరవైకి తక్కువ లేవట. అప్పటికి బిరుదులవాళ్ళు అయిదుగురూ దొన దగ్గర వరసలో ఉన్నారు. డ్యూకుగారు మూతి నీళ్ళదాకా వంచారు. వాళ్ళ వెనక జింకలూ కుందేళ్ళూ పిల్లల్ని పొదువుకుని వణికిపోతున్నాయి.

"తమ కృపా," అంది కంపమ్మ, "ముందు నడిచేది తమరేగా."

అడవంతా డ్యూకుగారి వంక చూసింది. ఆయనకి ఉన్నట్టుండి మోకాలు నొప్పి పుట్టింది. ఆయన వెనక్కి తగ్గితే అదీ చాటడానికి వడ్రంగిపిట్ట ముక్కు మాను మీద పెట్టి కాచుకుని ఉంది. వెనకనుంచి డచెస్ ఏమైనా అనకపోతే ఆయన మోకాలి నొప్పి సాకుతోనే బతికిపోయేవాడేమో. ఆమె మాత్రం పక్క దున్నలు చూస్తున్నాయని, పదండి పదండి అని కొమ్ముతో ఒక్క పోటు పొడిచింది. ఏం చేస్తాడు, ముందు నుయ్యి వెనక గొయ్యి. మూతి తడవకుండానే బయల్దేరాడు. వెనక నెమలి. ఎలుగుబంటి గొంగళప్ప ఆవలించి, నా బదులు పని చేయడానికే కదా వైకౌంట్ ఉన్నది అని పొదలో పడుకున్నాడు. ఆయన తప్పేం లేదు, చాటింపులో అలాగే ఉంది. పరిమళంగారు రెండు ఉద్యోగాలు నెత్తిన వేసుకుని నడిచారు. అందరి వెనక ఏడుపు మొహంతో మనిషిగారు.

వాళ్ళు మలుపు తిరిగారో లేదో, కంపమ్మ దొనలోకి వంగింది. తేట నీళ్ళు. కడుపు నిండా, గొంతు దాకా తాగింది. జింక తల్లులనీ కుందేటి తల్లులనీ పిలిచి చోటిచ్చింది. మధ్యాహ్నానికి పాలు దిగాయి. చిన్నది కళ్ళు తెరిచి, రొమ్ము పట్టుకుని గుక్కగుక్కకీ చప్పుడు చేస్తూ తాగింది. ఆ చప్పుడు విని కంపమ్మ ఏడ్చింది. ఎవరైనా చూస్తే కంట్లో నలుసు పడిందని చెబుదామనుకుంది. ఎవరూ అడగలేదు.

అటు పొలిమేరలో ఇంకో వరస నడుస్తోంది. సేనాపతి తమరు, తమరు ముందు అంటాడు నెమలి. పొలిమేర తమది, ఎంతమాట, తమరే ముందు అంటాడు దున్న. దొన దగ్గర ముందుకోసం తోసుకున్నవాళ్ళు ఇక్కడ ఒకరినొకరు ముందుకి తోసుకున్నారు. ఇంతలో వాగులో దుమ్ము లేచింది. డ్యూకుగారికి భయంతో కాళ్ళు బిగుసుకుపోయాయి. ఆయన కదలడు కనుక నెమలి కదలరాదు. నెమలి కదలదు కనుక పరిమళం కదలరాదు. కోరప్ప పారిపోదామని రెండుసార్లు చూశాడు, చాటింపు గుర్తొచ్చి ఆగాడు.

రేసుకుక్కలు వచ్చి చూశాయి. ఒక దున్న, ఒక నెమలి, ఒక పునుగుపిల్లి, ఒక పంది వరసగా నిలబడి ఉన్నాయి. రెప్ప వేయవు, అరవవు, పారిపోవు. ఆ మంద పెద్ద తన బతుకులో ఇలాంటిది చూడలేదు. ఇంత నిబ్బరంగా ఉన్నారంటే వెనక పెద్ద సేనే ఉండి ఉంటుంది, మనకెందుకొచ్చిన తంటా అనుకుని మందని వెనక్కి మళ్ళించింది.

అడవి పండగ చేసుకుంది. పులిరాజుగారికి ఎన్నడూ లేనంత ఆనందం వేసింది. బిరుదులకి తగ్గ పని చేశారు, ఇకనుంచి వేసవి ముగిసేదాకా వీళ్ళు పొలిమేర వదలక్కర్లేదు అన్నారు. వడ్రంగిపిట్ట ముమ్మారు కొట్టింది. నీళ్ళు మాత్రం పొద్దు వాలాక, ఒక్కొక్కరే వచ్చి, మిగిలితే తాగి పోవాలి. వరసలో డ్యూకుగారే ముందు, అందులో ఏ లోటూ లేదు.

ఆ తర్వాత ఆ అడవిలో బిరుదడిగిన జీవి లేదు. మారాం చేసే పిల్లల్ని తల్లులు, పడుకుంటావా, డ్యూకుని చేయించనా అని బెదిరిస్తున్నారు.

పది రోజులకి పరిమళంగారు ఎండిన నాలుకతో కంపమ్మ గడపలో వాలారు. కవలలిద్దరూ ఆయన తోక పట్టుకుని లాగుతున్నా ఏమీ అనలేదు. ఎర్ల్‌గారి తాహతుకి తగ్గ ఆడవాళ్ళకి కౌంటెస్ అని చక్కటి బిరుదు ఉందని, ఆమె ఊఁ అంటే ఇప్పించే పూచీ తనదనీ, తన పనిలో సగం పంచుకుంటే చాలనీ బతిమాలారు.

"నాకొద్దయ్యా," అంది కంపమ్మ, చిన్నదాన్ని తోక దగ్గరనుంచి ఇవతలికి లాక్కుంటూ. "ఆ పనేమిటో మీరే విడమరిచి చెప్పారుగా."

నీతి: బిరుదిస్తే పుచ్చుకోండి, తప్పులేదు, దాని అర్థం మాత్రం నలుగురిలో చెప్పనివ్వకండి.