కోపానికి గైడు సంతకం

కోపం ఒంటికి మంచిది కాదని చెప్పే డాక్టర్ల మాట నమ్మకండి. కోపం దేశ సంపద! మిగతా ఊళ్లలో కోప్పడితే బీపీ వస్తుంది. మా చెన్నైలో పీహెచ్‌డీ వస్తుంది. కాకపోతే కోపం ఒకరిది, పీహెచ్‌డీ ఇంకొకరిది.

మా అన్న కూతురు కార్తీక చదివే యూనివర్సిటీలో ఈ ఏడాది ఏ డిపార్ట్‌మెంటులో చూసినా కోపం మీదే పరిశోధన. సైకాలజీ వాళ్లంటే సరే. ఎకనామిక్స్ వాళ్లు టి. నగర్ చీరల కొట్ల ముందు కాపు కాసి, మొగుడి మీద అలిగి వచ్చిన ఆడవాళ్లు ఎన్ని చీరలు ఎక్కువ కొంటారో చూస్తున్నారు. మెకానికల్ వాళ్లు వ్యాసర్పాడి షేర్ ఆటో డ్రైవర్ అరుముగం నెత్తికి ఏదో మీటరు తగిలించారు. సిగ్నల్ దగ్గర ఆ నెత్తిలో పుట్టే వేడితో వీధి దీపం వెలుగుతుందా అని!

జువాలజీ వాళ్లు మా సొంతూరికి ఫోన్ చేసి, పొడిచే ఎనుము, అదే గేదె, ఉంటే చెప్పమన్నారు. చెప్పాం. ఫారం పంపారు. అందులో ఎనుము విద్యార్హతలు కూడా రాయాలట.

నా చిన్నతనంలో కోపానికి ఇంత మర్యాద ఎక్కడిది? మన మడి నీళ్లు మళ్లించుకున్నవాణ్ణి గట్టు మీద నిలబడి తిట్టినంత తిట్టి, వాడి దగ్గరే చుట్టకు నిప్పు అడిగి ఇంటికొచ్చేవాళ్లం. ఎన్ని డాక్టరేట్లు గట్ల మీద పారబోశామో!

ఇక కార్తీక టాపిక్ అన్నిటికన్నా ఘనమైనది. రీసెర్చ్ విద్యార్థులకు తమ గైడుల మీద కోపం వస్తుందా? వస్తే ఎంత? నలభై ప్రశ్నల ఫారం మూడు వందల మందికి పంచింది. మూడు వందల మందీ ఒకటే జవాబు రాశారు: రాదు.

ఎందుకు వస్తుంది? ఆ యూనివర్సిటీలో ఏ ఫారమైనా సరే, అడుగున విద్యార్థి పేరు, రిజిస్టర్ నంబరు, గైడు సంతకం ఉండి తీరాలి. ఈ ఫారానికీ ఉన్నాయి.

కార్తీక గైడు వీరరాఘవులు గారు పొంగిపోయారు. "చూసినావామ్మా! మన క్యాంపస్‌లో కోపమనేదే లేదు. సూపర్‌మా!" అన్నారట.

అన్నారు గానీ సంతకం పెట్టలేదు. థీసిస్ పూర్తయి ఎనిమిది నెలలు. అట్ట నీలం రంగు వద్దన్నారు. మెరూన్ వేయిస్తే, ఇంత ముదురు ఎందుకన్నారు. నడుమ ఆయన మనవడి స్కూలుకు అట్టముక్కలతో అగ్నిపర్వతం చేసిచ్చింది మా కార్తీకే. ఈ నెలాఖరులోగా సంతకం పడకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఐదేళ్ల చదువు గంగలో కలిసినట్టే.

నిన్న సాయంత్రం తిరువొత్తియూరులో మా ఇంటికొచ్చింది. చేతిలో థీసిస్ లేదు, చీర కవరు ఉంది.

"సంతకం పెట్టినాడా?" అంది నా భార్య అమ్మణి.

"లేదు చిన్నమ్మా. సార్ వాళ్ల మేడమ్ చీరకు ఫాల్ కుట్టించాల. ఆడ టి. నగర్‌లో టైలర్ రేపు రమ్మన్నాడు."

"ఏందే, నువ్వు ఉప్పూ కారం తినడంలే? కోపం రాదా నీకు?"

"ఎప్పుడో వచ్చింది చిన్నమ్మా. వైవా అయ్యేదాకా ఆడే కూర్చోమని చెప్పినా."

అమ్మణి కొంగు దోపింది. "సరి, రేపు నేనొస్తా నీతో. నాకు గైడు లేడు కదా!"

ఆ మాటకు కార్తీక చీర కవరు జారిపోతున్నా చూడకుండా చిన్నమ్మ చేతులు రెండూ పట్టుకుంది. "అయ్యో, వద్దు! నీ కాళ్లకు మొక్కుతా. ఆయనకు కోపం వస్తాది!"

దొరికింది! ఐదేళ్లు వెతికిన కోపం క్యాంపస్‌లోనే ఉంది. ఫారం ఇవ్వాల్సినవాళ్లకు ఇవ్వలేదు, అంతే.

పాఠకులారా, ఈ వ్యాసంలో మీకు ఎక్కడైనా కోపం కనబడితే దయచేసి అచ్చుతప్పు అనుకోండి. వీరరాఘవులు గారు దేవుడి లాంటి మనిషి. నెలాఖరుకు ఇంకా నాలుగు రోజులున్నాయి. అందాకా ఆయన దేవుడే.