కుప్పం పంక్తిలో గరిటెడు నెయ్యి

పందొమ్మిదివందల నలభై ఆరు వైశాఖమున, బొగ్గు బస్సులు దిక్కుదిక్కునా ధూమధ్వజములెత్తు కాలమున, కుప్పమను పట్టణమందు ఒకే విస్తరి ముందు జరిగిన ఘోరసంగ్రామమును వినుడు.

పుంగనూరి ఘృతవాణిజ్య ధురంధరుడు, మూత తీయకముందే ఆవునేయియో ఎనుమునేయియో చెప్పగల నాసికాశూరుడునగు గంగులప్పకు, మదనపల్లె మిషను ఆసుపత్రిలో పిత్తాశయమును కోసి తీసివేసి మూడు నెలలాయెను. రోగము పోయెను గాని దాని సైన్యము పోలేదు. నెయ్యి కడుపున పడిన అరగడియలో ఉదరదుర్గమున భేరులు మ్రోగును. ఆపై ఆ వీరుడు చెంబందుకొని పెరటికి పరుగిడవలసినదే.

"కొన్నాళ్లు ఇట్లే ఉంటాదప్పా. నెయ్యి, నూనె తగ్గించి, కొంచెం కొంచెంగా తినాల," అని నర్సు జయశీల చెప్పియుండెను.

ఆనాడు దొరస్వామి ఇంట పెండ్లి విందు. నెయ్యి డబ్బాలన్నియు గంగులప్పవే. దొరస్వామి భార్య రాజేశ్వరమ్మ గరిటె వంచగా, వీరుడు విస్తరికి చేయడ్డము పెట్టెను.

"నాకొద్దమ్మా."

పంక్తియంతయు అటు తిరిగెను.

"నీ నెయ్యే గదప్పా," అన్నాడు దొరస్వామి. "నువ్వే వద్దంటే మేమెట్ల తినేది? వనస్పతి గానీ కలిపిండావా ఏంది?"

అప్పుడే నలుగురు నేతియన్నమును విస్తరి అంచునకు నెట్టిరి. ఆపరేషను సంగతి చెప్పిన, నెయ్యమ్మేవాని కడుపే నేతికి చెడెనని ఊరూరా చాటినట్లగును. చెప్పకున్న, ఇరువదేండ్ల పేరు పోవును. గరిటెడు బాధయే చవుకయని వర్తకవీరుడు తూచి నిశ్చయించెను.

"పొయ్యమ్మా, నిండుగా పొయ్యి. వినండప్పా కుప్పం పెద్దలారా, ఇది పుంగనూరు ఎనుముల నెయ్యి. దీంట్లో సుక్క కల్తీ ఉంటే ఈ నాలిక ఈడనే రాలిపోనీ. సూస్తా ఉండండి."

తినెను. జనము నవ్వి, నెట్టిన అన్నమును మరల దగ్గరకు లాగుకొనెను. కాని పంక్తిలో అందరి భోజనమగువరకు ఎవ్వరును లేవరాదు. లేచెనా, నెయ్యే లేపెనందురు. ఉదరమున భేరీనాదము మొదలాయెను. ఎదుట బోసినోటి రామచంద్ర తాత ఓళిగను, అనగా బొబ్బట్టును, పాలలో నానబెట్టుచుండెను.

"ఇంకొకటి ఏసేదా తాతా?" అన్నది రాజేశ్వరమ్మ.

"ఏయమ్మా, తొందరేముండాది."

గంగులప్ప నుదుట స్వేదబిందువులు ముత్యములవలె నిలిచెను. పండ్లు బిగించెను, మోకాళ్లు బిగించెను, బిగింపదగినవన్నియు బిగించెను. యుగాంతమున తాత త్రేన్చి విస్తరి మడిచెను. పంక్తి లేచెను.

"వచ్చే పెండ్లికి గూడా నెయ్యి నీదేనప్పా," అన్నాడు దొరస్వామి దారికడ్డముగా నిలిచి.

"పంపిస్తాలేప్పా. కొంచెం పక్కకు జరుగు."

అట్లని, అందరును చూచుచుండ, గజగమనమున పెరటి వాకిలి దాటెను. దాటిన పిమ్మట పరుగెత్తెనో లేదో చూచినవారు లేరు. జయము, దిగ్విజయము. గంగులప్ప మల్లుపంచె నాడు తెల్లగానే పుంగనూరు చేరెను.